పాదుకల చప్పుడు

స్వామివారు వంటశాలకు బయలుదేరితే మఠమంతటికీ తెలిసేది. కొయ్య పాదుకలు టకటకలాడించుకుంటూ నడిచేవారు. అది చాలదన్నట్టు గుమ్మం దగ్గర ఆగి, గొంతులో ఏమీ లేకపోయినా ఒకసారి దగ్గేవారు. ఆ తరువాతే లోపలికి అడుగు పెట్టేవారు.

వంటశాల అజమాయిషీ కొత్తగా చేతికొచ్చిన శిష్యుడు వేదగిరికి ఇది మింగుడుపడలేదు. ఆ చప్పుడు వినగానే లోపల మాటలు ఆగిపోవడం, రెండో వంటవాడు ముకుందం గబగబా తన పొయ్యి దగ్గరికి జరగడం అతను రెండుసార్లు గమనించాడు. ఏదో జరుగుతోంది. ఉండబట్టలేక ఒకనాడు అడిగేశాడు.

“ఇలా చాటుకుంటూ వెళ్తే వాళ్లేం చేస్తున్నారో మనకెలా తెలుస్తుంది, స్వామీ?”

 నువ్వూ పాదుకలు వేసుకునే వెళ్లు, అని మాత్రం చెప్పి స్వామివారు లేచిపోయారు. ఈయనకూ ఇందులో భాగముందేమోనన్న పాడు ఆలోచన వేదగిరికి ఆ పూటంతా తగ్గలేదు. మర్నాటి నుంచి వట్టి కాళ్లతో వెళ్లడం మొదలుపెట్టాడు.

ఆ వంటశాలకు ఒక కట్టుబాటుంది. దేవుడికి నివేదన కాకముందు ఎవరూ రుచి చూడకూడదు. కాబట్టి అన్ని గుండిగల్లోనూ ఉప్పు పెద్ద వంటవాడే, చేతి అంచనాతో వేయాలి. ఆ చేయి తప్పిన రోజు ఆయన పొయ్యి దిగిపోవాలి. ముప్పై ఏళ్లుగా ఆ చేయి శోభనాద్రిది.

నాలుగో రోజున వేదగిరి పిల్లిలా వచ్చి తలుపు వార నిలబడ్డాడు. శోభనాద్రి అటు తిరిగి ఉన్నాడు. ముకుందం ఆయన గుండిగలో గుప్పెడు ఉప్పు వేస్తున్నాడు. పులుసు పాడుచేసి ముసలాయన చోటు కొట్టేయాలని చూస్తున్నాడన్నమాట. తన అనుమానం నిజమైనందుకు వేదగిరికి, చెప్పకేం, సంతోషమే కలిగింది. ముకుందం మణికట్టు పట్టుకుని పదిమందికీ వినబడేలా కేకలేశాడు.

ముకుందం తల వంచుకున్నాడు. శోభనాద్రే ఇటు తిరిగాడు.

“అతణ్ణి వదలండయ్యా. నా వేళ్లు మొద్దుబారి రెండేళ్లయింది. వేసినట్టు నేను చెయ్యి ఆడిస్తాను, వేసేది అతను.”

అందరూ విన్నారు. విన్నాక కట్టుబాటు కట్టుబాటే. ఆయన గరిటె తుడిచి ముకుందానికి చాపాడు. ముకుందం అందుకోలేదు. శోభనాద్రి దాన్ని గుండిగ మూత మీద పెట్టి, పైపంచె దులుపుకుని, పెరటి గుమ్మం గుండా వెళ్లిపోయాడు. ఆ పూట పులుసులో ఉప్పు సరిగ్గా సరిపోయింది. 

భోజనాలయ్యాక సిగ్గుతో స్వామివారి దగ్గరికి వెళ్లి, శోభనాద్రి వేళ్ల సంగతి మీకు ముందే తెలుసా అని అడిగాడు.

స్వామివారు పాదుకల్లో కాళ్లు పెడుతూ ఆగారు.

“తెలిస్తే ఊరుకోకూడదు కదా, నాయనా. అందుకే అంత చప్పుడు.”