పెంటమ్మ చేను

మీ తాతల తాతలు పుట్టకముందటి మాట. వాన కొండ మీదే కురిసి, కింది ఊరికి దిగిరావడం మరిచిపోయిన కాలం. అప్పుడు ఎర్రమిట్ట అనే ఊరికి కొండ మీంచి ఒక కోడలు వచ్చింది. పేరు పెంటమ్మ.

వచ్చిన కొత్తలో అత్త సుంకులమ్మ ఆమెను చేనికి తీసుకుపోయింది. పెంటమ్మ గుప్పెడు మన్ను తీసి వాసన చూసింది. వాసనే లేదు. మన్ను వేళ్ల సందుల్లోంచి పిండిలా జారిపోయింది.

"అత్తా, ఈ నేల ఆకలితో ఉంది."

"నేలకు ఆకలేందే? మన ఆకలి చాల్లేదా?" అని అత్త కోత తర్వాత చేలో మిగిలిన కొయ్యకాళ్లకు నిప్పు పెట్టింది. ఊరంతా అంతే. కోత కాగానే మంట, మంట ఆరగానే దుక్కి.

పెంటమ్మ మనసు ఊరుకోలేదు. అడవికి పోయి గుప్పెడు మన్ను తీసింది. నల్లగా, చల్లగా ఉంది. పశువులు మేసే బీడులో తీసింది. గడ్డివేళ్లను పట్టుకుని కాస్త నలుపు మిగిలింది. మళ్లీ చేలో తీసింది. ఎర్రగా, ఉత్తగా ఉంది.

"ఒక్క కొండ కింది మన్నే ఇదంతా. తిండి అందిన చోట నల్లబడింది, పస్తున్న చోట పాలిపోయింది," అనుకుంది.

ఆ ఏడు చేనంతా ఆకు పరిచింది. ఊరు నవ్వింది. ఎండాకాలం పోయేసరికి ఆకు జాడే లేదు.

"చూశావా? మీ కొండ పద్ధతి ఇక్కడ చెల్లదు," అన్నాడు మొగుడు గిడ్డయ్య.

"నిజమే మామా. మా కొండ చల్లదనానికి ఆకు ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇక్కడ పెట్టింది పెట్టినట్టే ఎండ మింగేస్తుంది. అరుగుదల ఎక్కువున్న బిడ్డకు మాటిమాటికీ పెట్టొద్దా?"

మరుసటేడు ఎరువు పడేలా గొర్రెల మందను రాత్రిళ్లు చేలో కట్టించింది. ఊరు నవ్వింది. పెంటమ్మ నేలకు పెట్టింది. ఆ మరుసటేడు జనుము చల్లి, పూత రాగానే ఆ పచ్చి పైరును మన్నులో కలియదున్నింది. ఊరు ఇంకా నవ్వింది. పెంటమ్మ ఇంకా పెట్టింది.

అప్పుడొచ్చింది పెద్ద కరువు. ఒక్కటే వాన పడింది. అందరి చేలలోనూ ఎర్రనీళ్లై పారిపోయింది. పైర్లు మాడాయి. ఊరి పెద్ద బొజ్జన్న వలసకు బండి కట్టాడు. వెనకే ఊరంతా బండ్లు కట్టింది.

బండ్లు పెంటమ్మ చేని గట్టున ఆగిపోయాయి. ఆ నేల వాననంతా తాగి దాచుకుంది. కొర్ర నడుమెత్తు పచ్చగా ఊగుతోంది.

సుంకులమ్మ చేలోకి దిగి గుప్పెడు మన్ను తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఒసే, తొలకరి వాసన వస్తాందే!" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"తల్లీ, ఈ పంట పండాక మాకు విత్తనాలిస్తావా?" అన్నాడు బొజ్జన్న.

"ఇస్తాను పెద్దయ్యా. చేలో నిప్పు పెట్టనని ముందు మాటియ్యి."

బొజ్జన్న ఎద్దుల్ని విప్పేశాడు. ఒక్క బండీ ఊరు దాటలేదు.

పెంటమ్మ ముసలిదై, మనవలను ఎత్తుకుని, ఆ చేలోనే మన్నులో కలిసిపోయింది. ఇప్పటికీ ఎర్రమిట్టకు ఏ కొత్త కోడలొచ్చినా ముందు ఇంటి గడప తొక్కదు. తలమీద మాగిన ఆకుగంపతో నేరుగా చేనికి నడుస్తుంది. ఆమె గంప దించి బోర్లించగానే పిల్లా పెద్దా ఒక్క గొంతుతో కేక వేస్తారు:

"పెంటమ్మ వచ్చింది!"