సన్యాసమ్మ జట్టు

ఈ కథ నాకంటే బాగా చెప్పేవాళ్లు ముల్లోకాల్లోనూ లేరు. మా మేనత్త ఒకతి ఉంది గానీ, ఆవిడ నిద్రపోతోంది. కాబట్టి వినండి.

అనగనగనగా, ఊరూరా డేరాలు వేసి సినిమాలాడించే రోజుల్లో, సన్యాసమ్మ అని ఒకావిడ ఉండేది. డేరా ముందు ఉడకేసిన తేగలు అమ్మేది. తెర మీద బొమ్మ పడగానే బుట్ట సర్దుకుని తెర వెనకాల కూలబడేది. అక్కడ టిక్కెట్టు అడిగేవాళ్లు లేరు. అక్కణ్ణుంచి చూస్తే కుడి ఎడమై, సినిమాలో అందరూ ఎడమచేత్తోనే అన్నం తినేవారు. సినిమావాళ్ల ఆచారం కాబోలు అనుకునేది పాపం.

ఒకసారి ఫుట్‌బాల్ సినిమా వచ్చింది. ఆ ఆట ఊళ్లో బడి డ్రిల్లు మాస్టారు తప్ప ఎవరూ చూసినవాళ్లు లేరు. మొదటి రోజు జనం ఆవలించి సగంలో లేచిపోయారు. డేరా యజమాని గవరయ్య సినిమా ఆపేశాడు. రెండో రోజూ అంతే.

"రేపూ ఇలాగే అయితే డేరా ఎత్తేస్తాను" అన్నాడు గవరయ్య.

సినిమాలో వల ముందు నిలబడే కుర్ర గుంటడొకడున్నాడు. బంతి వాడి చేతుల్లోంచి జారిపోయింది. తోటివాళ్లు వాడితో మాట్లాడ్డం మానేశారు. తల్లి కంచం పెడితే వాడు ముట్టలేదు. సరిగ్గా అక్కడే సినిమా ఆగిపోయింది. రెండు రోజులూ అక్కడే!

సన్యాసమ్మ డ్రిల్లు మాస్టార్ని అడిగింది. "ముందు ఆఫ్‌సైడంటే ఏమిటో తెలుసుకో" అన్నాడాయన.

"ఆటతో నాకేటి పని బావూ, ఆ గుంటడేటయ్యాడో సెప్పు."

మిషను తిప్పేవాణ్ణి అడిగింది. "రీలెక్కించి బీడీకి పోతాను, నాకేం తెలుసు?" అన్నాడు.

"ఆటతో నాకేటి పని బావూ, ఆ గుంటడేటయ్యాడో సెప్పు."

గవరయ్యనడిగింది. "నేను టిక్కెట్లు చింపేవాణ్ణమ్మా, సినిమాలు చూసేవాణ్ణా?"

మర్నాడు సన్యాసమ్మ బుట్టెత్తుకుని ఇల్లిల్లూ తిరిగింది. తేగలిస్తూ ఆ గుంటడి సంగతి చెప్పింది. కంచం దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"తరవాతేటయిందే?"

"నాకూ తెలీదమ్మా!"

సాయంత్రానికి ఊరు ఊరంతా డేరాలో ఉంది. తెర మీద బంతి దూసుకొచ్చింది. గుంటడు గాల్లోకెగిరి దబ్బున పడ్డాడు. పడ్డం మంచిదో చెడ్డదో ఎవరికీ తెలీదు. అంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. అంతలో తెర వెనకాల్నుంచి ఈల! డేరా అంతా ఈలలు!

డ్రిల్లు మాస్టారు లేచాడు. "ఆపండర్రా! బంతి వల్లో పడింది. వాడు ఓడిపోయాడు!"

జనం వేళ్లు నోట్లోంచి తీసేశారు. తెర మీద గుంటడు దుమ్ము దులుపుకుని ఇంటికెళ్లాడు. కంచం ముందు కూర్చుని ముద్ద కలిపాడు.

"ఓడితే ఓడాడు బావూ!" తెర వెనక గొంతు. "ఎడంసేత్తోనైనా నాలుగు ముద్దలు తిన్నాడు!"

ఈసారి మాస్టారే ముందు ఈల వేశాడు. డేరా ఆ ఊళ్లోనే నిలిచిపోయింది.

సన్యాసమ్మ పోయి ఎన్నాళ్లయిందో లెక్క లేదు. ఇప్పటికీ ఆ ఊళ్లో ఏ ఆటాడినా మొదటి ఈల పడ్డవాడికే. ఓడినవాణ్ణి "అన్నం తిన్నావా?" అని అడగందే ఎవరూ ఇంటికి పోరు. నీది ఏ జట్టని అడిగితే "సన్యాసమ్మ జట్టు" అంటారు.

నాదీ అదే జట్టు. కాకపోతే నాకు ఈల వెయ్యడం రాదు. రెండు వేళ్లూ నోట్లో పెట్టుకుని బుగ్గలు పొంగిస్తాను, అంతే.