గుండప్ప గారి జలపాతం

అనగనగా ఒక అడవి. అడవిలో కుంట ఉండటం వింతేం కాదు. కానీ పిల్లలూ, ఈ అడవిలో కుంటకి పంపు ఉండేది. ఎవరో షోకిలా మనిషి అక్కడ తోట వేసుకుని, కుంట కట్టించుకుని, పంపు పెట్టించుకున్నాడు. ఓ రోజు ఎలుగుబంటిని చూసి పరిగెత్తినవాడు మళ్లీ రాలేదు. పంపు మాత్రం తిరుగుతూనే ఉంది. కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందని అడక్కండి. కథలో కరెంటు పోదు, అదే కథలో ఉన్న సుఖం.

ఆ పంపు నీళ్లు ఒకే పైపులో వచ్చి, మధ్యలో రెండుగా చీలేవి. ఒక పాయ పొద చాటునున్న ఫిల్టరు డ్రమ్ములోకి పోయేది. డ్రమ్ములో గులకరాళ్లు, ఇటుక ముక్కలు, వాటికి పట్టిన జిగురు పాచి. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది గానీ, నీళ్లలో మురికి తినేది ఆ పాచే. రెండో పాయ రాళ్లగుట్ట మీంచి జలపాతంలా కుంటలోకి దూకేది. ఎటు ఎంత పోవాలో తేల్చే వాల్వు దగ్గర అడ్డయ్య అనే పీత కాపలా. పట్టకార్ల లాంటి చేతులు కదా, తిప్పడానికి అనువు. అతని లెక్క ఒకటే: మూడు వంతులు డ్రమ్ముకి, ఒక వంతు జలపాతానికి.

కుంటకి పెద్ద గుండప్ప అనే కప్ప. ఏం చేసి పెద్దయ్యాడంటారా? అందరికంటే గట్టిగా అరిచి.

కథ మొదలైన వారమే పరిగెమ్మ అనే చేపకి గుడ్లు పగిలి నాలుగొందల మంది పిల్లలు పుట్టారు. ఒక్కొక్కరూ ఆవగింజంత.

అప్పుడొచ్చింది ఒక నెమలి. జలపాతం చూసి, ముక్కు కారినట్టుందని ఒక్క మాట అని పోయింది. గుండప్పకి ఆ పూట దోమ కూడా సయించలేదు. జలపాతానికి సగం ఇవ్వమన్నాడు.

"డ్రమ్ములో పాచికి ప్రాణముందయ్యా. నీళ్లు తగ్గితే అది బతకదు," అన్నాడు అడ్డయ్య.

"డ్రమ్ముని చూడ్డానికి ఎవడైనా వస్తాడట్రా?" అన్నాడు గుండప్ప.

నిజమే, ఎవరూ రారు. అడ్డయ్య వాల్వు తిప్పాడు.

తర్వాత కుందేళ్ల పెళ్లివారు వచ్చారు. మూడు వంతులు జలపాతానికి వెళ్లాయి. పెళ్లివారు ఆహా అన్నారు, ఓహో అన్నారు, కుంటగట్టు గడ్డంతా మేసి పోయారు. నీళ్లు మాత్రం పచ్చరంగుకి తిరిగాయి. పరిగెమ్మ పిల్లలు పైకి తేలి నోళ్లు తెరవడం మొదలెట్టారు.

గుండప్ప మురిసిపోయాడు. "చూశావా అడ్డయ్యా, నిన్న పుట్టిన పిల్లలు కూడా నోరు తెరుచుకుని చూస్తున్నారు."

"చూడ్డానికి కాదు బాబూ, ఊపిరాడక," అంది పరిగెమ్మ.

తల్లులకి ఎప్పుడూ ఏదో దిగులేనని గుండప్ప నవ్వేశాడు. ఏనుగుల పెద్ద భద్రమ్మ రాబోతోంది, అందాకా ఓపిక పట్టమన్నాడు. ఊపిరిని ఎన్ని రోజులు బిగబట్టాలో మాత్రం చెప్పలేదు.

భద్రమ్మ కోసం మొత్తం నీళ్లూ జలపాతానికే అన్నాడు. ఈసారి అడ్డయ్య తిప్పనన్నాడు. అయితే ఏం, పది కప్పలు ఎక్కి తొక్కితే తిరగని వాల్వు ఉంటుందా? జలపాతం గర్జించింది. డ్రమ్ములో చుక్క పడలేదు. ఒకటో రోజు పాచి వాడింది, రెండో రోజు చచ్చింది, మూడో రోజు కుళ్లింది. నాలుగో రోజు భద్రమ్మ వచ్చింది.

ఇక్కడే ఉంది పిల్లలూ, తమాషా. చిన్న జలపాతమైతే కంపు కుంటలోనే ఉండేది. ఇది పెద్ద జలపాతం. తుంపర తుంపరగా కంపుని ఎత్తి అడవంతా చల్లింది. గుండప్ప ముక్కు మూసుకునే ఉపన్యాసం ఇచ్చాడు. భద్రమ్మ మర్యాదకి తొండం నిండా నీళ్లు పీల్చి నోట్లో పోసుకుంది. మరుక్షణం మొత్తం ఉమ్మేసింది. ఉపన్యాసంతో సహా గుండప్ప బురదలో పడ్డాడు.

లేస్తూనే ఆర్డరేశాడు. "ఒరే, నీళ్లన్నీ డ్రమ్ముకి తిప్పు!"

"తిప్పుతాను. కానీ ఆర్డరేస్తే పాచి పుట్టదయ్యా. మళ్లీ పట్టేసరికి నెల దాటుతుంది. ఈ పిల్లలు రేపటిదాకా ఉండరు," అన్నాడు అడ్డయ్య.

పరిగెమ్మ గుండప్ప వైపు చూడనే లేదు. భద్రమ్మ కాళ్ల దగ్గరికి ఈదింది. "నీకూ పిల్లలున్నారు తల్లీ. ఆ తొండంతోనే నా వాళ్లని అవతలి వాగులో దించు."

భద్రమ్మ ఊపిరి బిగబట్టి తొండం ముంచింది. తల్లినీ పిల్లల్నీ మోస్తూ నాలుగుసార్లు వాగుకి వెళ్లొచ్చింది. నాలుగొందల మందిలో వాగు చేరింది నలభై మందే. పరిగెమ్మ వాళ్లని పదే పదే లెక్కపెట్టుకుంది. అడ్డయ్య కూడా వాల్వు డ్రమ్ముకి తిప్పేసి, కుంట వదిలి బయల్దేరాడు. అడ్డంగా నడిచేవాడు కదా, చేరేసరికి రెండు రోజులు పట్టింది.

ఆ పది కప్పలూ కంపు భరించలేక తలో దారీ పట్టాయి. కుంటలో గుండప్ప ఒక్కడే మిగిలాడు. డ్రమ్ము చప్పుడు చెయ్యదు, తోచడం లేదని, రోజంతా వేలాడి మరీ వాల్వు మళ్లీ జలపాతానికే తిప్పుకున్నాడు. ఒళ్లంతా దురద. అటుగా ఎగిరే పిచ్చుక, ముక్కు తిప్పుకుంటూనే, ఎలా ఉన్నావని అడిగింది.

గోక్కుంటూ చెప్పాడు: "చప్పుడు విన్నావా, ఎంత బాగుందో."

నీతి: మెప్పు కోసం నీళ్లన్నీ కనబడేదానికి పోసి, చాటున పనిచేసేదాన్ని ఎండబెడితే, చివరికి ఆ కనబడేదే కంపు కొడుతుంది.