గుక్కెడు తడి

సుధీంద్ర పెట్టిన ఫిల్లింగు పైడమ్మ పంటి నుంచి రెండుసార్లు ఊడిపోయింది. మొదటిసారి నాలుగు రోజులకి, రెండోసారి వారానికి.

పైడమ్మది విజయనగరంలో పూలు కట్టే పని. ఇరవయ్యేళ్ళుగా దారం పళ్ళతోనే తెంపుతుంది. ముందుపన్ను మీది గట్టి పొర దారం ఆనేచోట అరిగిపోయి, లోపలి పసుపు పొర దాకా గాటు పడింది. చల్లనీళ్ళు తగిలితే ప్రాణం జివ్వుమంటుంది.

సుధీంద్ర డెంటల్ కాలేజీలో పీజీ చేస్తున్నాడు. బ్యాచ్‌లో అతనంత శుభ్రంగా పనిచేసేవాడు లేడని పేరు. ఆ పేరుని అందరికంటే ముందు నమ్మింది అతనే. దారం కొరకడం మానకపోతే నేనేం చెయ్యనని ఆవిడ మీద విసుక్కున్నాడు. ఈసారి ఊడితే పన్ను పీకించేసుకుంటానని పైడమ్మ తేల్చి చెప్పింది.

మూడోసారి మరింత పట్టుదలగా చేశాడు. పంటికి యాసిడ్ జెల్ రాసి, కడిగి, గాలి గొట్టంతో సుద్దముక్కలా తెల్లబడేదాకా ఆరబెట్టాడు. ఎంత ఆరితే అంత పట్టు అని అతని నమ్మకం. బంక రాసి, ఫిల్లింగు పెట్టి, నీలి లైటు చూపించి, తళతళా మెరిపించాడు. అప్పుడు గురువుగారు డాక్టర్ జలాలుద్దీన్‌ని పిలిచాడు.

ఆయన మెరుపు వంక చూడనేలేదు. సన్నని కొక్కెం అంచున పెట్టి చిన్నగా ఎత్తారు. ఫిల్లింగు మొత్తం లేచి వచ్చి పైడమ్మ నాలుక మీద పడింది.

సుధీంద్ర వంగి దాన్ని తీసి ట్రేలో పెట్టాడు.

"పీకీండి బాబూ," అంది పైడమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"సార్, చుక్క తడి లేకుండా ఆరబెట్టాను," అన్నాడు సుధీంద్ర.

ఆయన సుధీంద్రని పక్క కుర్చీలో కూర్చోమన్నారు. నోరు తెరవమన్నారు. ఒక చేత్తో ఉమ్ము లాగే గొట్టం, ఇంకో చేత్తో గాలి గొట్టం పట్టుకుని, నాలుక మీద నిమిషం సేపు ఊదారు. తర్వాత టీ బల్ల మీది బిస్కెట్టు సగం తుంచి నోట్లో పెట్టి, మింగమన్నారు.

సుధీంద్ర నమిలాడు. పిండి అయి అంగిట్లో అలాగే అంటుకుపోయింది. గొంతు దిగదు. రోగుల ముందు గురువుగారు తనకిలా చేస్తారని కలలో కూడా అనుకోలేదు. ఊపిరి ఆగిపోతుందేమోనని భయమేసింది.

"అయ్యో, ఆ బాబుకి నీల్లియ్యండి," అంది పైడమ్మ కంగారుగా.

ఆయన గుక్కెడు నీళ్ళిచ్చారు.

"దిగిందా?"

"దిగింది సార్."

"మరి ఆవిడ పంట్లోకి బంక దిగడానికి ఆ గుక్కెడు మిగల్చలేదేమయ్యా?"

సుధీంద్ర తల వంచుకుని మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు. కడిగాక అలవాటుగా గాలి గొట్టం అందుకుని, తిరిగి పెట్టేశాడు. దూదితో నీళ్ళు అద్ది, పంటి మీద సన్నని తడి ఉండగానే ఆగాడు. బంకని తొందరపడకుండా ఇంకనిచ్చాడు.

అంతా అయ్యాక జలాలుద్దీన్ గారు కొక్కెం అతని చేతికే ఇచ్చారు. సుధీంద్ర దాన్ని అంచున పెట్టి ఎత్తాడు. ఇంకాస్త గట్టిగా ఎత్తాడు. కదల్లేదు.

"ఇక నీల్లు తాగొచ్చా బాబూ?" అంది పైడమ్మ.

సుధీంద్ర తనే వెళ్ళి కూలర్లోంచి గ్లాసుడు చల్లనీళ్ళు తెచ్చాడు. ఆవిడ గుటగుటా తాగుతుంటే, గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు.