బండి కంటికి బొట్టు

అనకాపల్లి దగ్గర ఒక మందుల గోడౌనులో కూర్మారావు అనే సూపర్‌వైజరు ఉండేవాడు; ఎదుటివాళ్ళు నోరు తెరిస్తే చాలు, మాటను సగంలోనే తుంచేయడం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఆ గోడౌనులో డ్రైవరు లేని బండి ఒకటి ఉండేది. ముందున్న గాజు కన్నుతో గోడల మీది గుర్తులు చూసుకుంటూ, చల్లగదిలోని పెట్టెలు తెచ్చి లారీ దగ్గర పెట్టేది. ఆయుధపూజనాడు కూర్మారావు దానికి తన చేత్తోనే పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాడు. పెట్టినవాడు చిన్నది పెట్టాడా? సరిగ్గా ఆ గాజు మీదే అరచేయంత పెట్టాడు.

పండగ వెళ్ళిన మర్నాడు మన్యంలోని ఆసుపత్రికి పాముకాటు మందు పంపాలి. పదకొండులోగా లారీ బయలుదేరకపోతే ఘాట్ రోడ్డు మీదికి వదలరు. బండి రెండు గజాలు కదిలి ఆగిపోయింది. "దారి కనబడటం లేదు," అని తనకు నేర్పిన గొంతుతో చెప్పింది.

"ఇంత వెలుతురులో కనబడకపోవడమేంటి, నీ మొహం," అని కూర్మారావు దాన్ని ఆపి మళ్ళీ నడిపాడు. మళ్ళీ అదే మాట.

ఊడ్చే పైడమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. "బాబూ, దాని కంటికి..."

"నీ పని నువ్వు చూసుకో పైడమ్మా. బండి జోలికి రాకు."

కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేశాడు. "కెమెరాకి ఏమైనా అడ్డం..." అని అతను అడగబోయాడు.

"అడ్డమేమీ లేదండీ. మొన్ననే పూజ కూడా చేశాం," అని విసురుగా ఫోన్ పెట్టేశాడు.

"నా మాట ఒక్కపాలి ఇనండి బాబూ," అంది పైడమ్మ.

"అందరూ చెప్పేవాళ్ళే. చేసేవాడు ఒక్కడూ లేడు," అని కూర్మారావు నెత్తి కొట్టుకున్నాడు. బండి మటుకు ఓపిగ్గా, "దారి కనబడటం లేదు," అంటూనే ఉంది.

చివరికి పదిన్నరకి మనుషులచేత మోయించడం మొదలుపెట్టాడు. చల్లగది ఆ చివర, లారీ ఈ చివర. సగం పెట్టెలు చేరేసరికి లారీ డ్రైవరు సన్యాసి, "ఇంకా ఆగితే ఈ సగం కూడా ఎల్లదండి," అని వెళ్ళిపోయాడు.

కూర్మారావు కూలబడ్డాడు. వద్దనేవాడు లేక, పైడమ్మ తడిగుడ్డతో బొట్టు తుడిచింది. బండి కదిలింది. మిగిలిన పెట్టెలను బుద్ధిగా తెచ్చి, లారీ లేని చోట ఒక్కొక్కటే పెట్టింది.

"పొద్దున్నుంచీ ఇదే సెప్తన్నాను బాబూ. అదీ ఇదే సెప్తంది," అంది పైడమ్మ.

మిగతా మందు రేపే వస్తుందని ఆసుపత్రి డాక్టరమ్మకు అతనే చెప్పాల్సి వచ్చింది. "ఇక్కడ పాములు రేపటిదాకా ఆగుతాయాండీ?" అని ఆవిడ మొదలుపెట్టింది. ఆవిడ ఎన్ని అన్నా, కూర్మారావు ఒక్క మాట కూడా తుంచకుండా చివరిదాకా విన్నాడు.

దారి కనబడటం లేదన్నవాణ్ణి తిట్టే ముందు, ఆ కంటికి అడ్డం పెట్టింది మన చెయ్యేనేమో అడగాలి. అడిగాక జవాబు పూర్తిగా వినాలి.