పదో పాట

అనగనగా ఒక చిట్టడవి, దాని అంచున ఒక జొన్నచేను. ఆ చేను గట్టు మీది రేగుపొదలో పైడి అనే పికిలిపిట్ట ఉండేది. పైడి పాట ఎత్తుకుంటే చేలో పిట్టలన్నీ మేత మానేసి వినేవి. దానికి పాట నేర్పింది ఆ చేలోనే ఉండే ముసలి పూరేడు పిట్ట, ఎర్రమ్మ. పైడి ఆవిడని పెద్దమ్మా అని పిలిచేది.

ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా వానలు వెలిశాక మూడు చిలుకలు ఒక మంచి గొంతును వెతుక్కుంటూ వచ్చి, పది పాటలు నేర్చుకుంటాయి. ఏడాదంతా అడవి తిరిగి వాటినే పాడతాయి. పదకొండో పాట వాటి నోట పట్టదు. ఒకసారి పట్టింది ఇక మారదు. ఆ ఏడు వంతు పైడికి వచ్చింది.

అందరికంటే ఎక్కువ మురిసింది ఎర్రమ్మే. డేగ వచ్చినప్పుడు పిల్లల్ని దాచే పాట ఒకటి ఆవిడ దగ్గర ఉంది. అది ఇంకెవరికీ రాదు. ఆవిడ పిల్లలు ఎప్పుడో వలల్లో పడిపోయారు. ఇప్పుడు గొంతు కూడా సన్నబడిపోయింది.

"ఈ పాట నాతోనే పోకూడదే, పైడీ. చిలుకల నోట పెట్టు, ఉంటుంది," అంది ఎర్రమ్మ. అప్పటికప్పుడు రెండు చరణాలు నేర్పింది.

"రాయి కింద దూరండి, రవ్వంత బిడ్డలూ,
గరిక చాటున నక్కండి, గుప్పెడంత బిడ్డలూ."

డేగ వెళ్లాక పిల్లల్ని బయటికి పిలిచేది మూడో చరణం. దాని వరస కాస్త కష్టం. రేపు పొద్దున్నే రా, నేర్పుతానంది.

ఆ సాయంత్రం కొండ మీది నెమలి దిగి వచ్చింది. అడవిలో ఏ పాట బాగుందో, ఏది బాగాలేదో తేల్చి చెప్పేది అదే. నెమలి గొంతు మీరూ విన్నారుగా, అయినా అడవిలో అందరూ దాని మాటే వినేవారు. పైడి పాటలన్నీ విని తొమ్మిదింటికి తల ఊపింది. పూరేడు పాట దగ్గర మొహం చిట్లించింది.

"ఈ మట్టి పాట ఎందుకు? నా పింఛం మీద ఒకటి కట్టు. కొండ మీద నీ పేరు మోగిపోతుంది," అంది.

పైడికి ఆశ పుట్టింది. పెద్దమ్మ పాట ఎక్కడికి పోతుందిలే, తర్వాత నేర్చుకోవచ్చు అనుకుంది. పొద్దున్నే ఎర్రమ్మ దగ్గరికి వెళ్లలేదు. చిలుకలకు పదో పాటగా పింఛం పాటే నేర్పింది.

మొదటి చిలుక కొండకి వెళ్లింది. నెమళ్లు సగం విని, ఇలాంటివి మాకు బోలెడున్నాయని వాన కబుర్లలో పడ్డాయి. రెండో చిలుక ఏటి ఒడ్డుకి వెళ్లింది. కొంగలకు తొమ్మిది పాటలు నచ్చాయి. పదోది పాడుతుంటే, ఇది పైడి పాటేనా అని అడిగాయి. మూడో చిలుక జొన్నచేనుకే వచ్చింది.

ఎర్రమ్మ గట్టు మీద ముందే వచ్చి కూర్చుంది. ఒక్కో పాటకీ తల ఊపుతూ పదీ వింది. చిలుక ఆగింది.

"ఇంకోటి లేదా నాయనా?" అని అడిగింది ఎర్రమ్మ.

"మా నోట పట్టేవి పదే, పెద్దమ్మా."

"బాగా పాడింది మా పిల్ల," అని ఎర్రమ్మ మెల్లగా లేచి వెళ్లిపోయింది.

పైడి ఇదంతా పొదలోంచి చూసింది. తిట్టినా బాగుండు అనిపించింది. సిగ్గుతో నాలుగు రోజులు పెద్దమ్మకి మొహం చూపించలేదు. అయిదో రోజు ధైర్యం చేసి వెళితే గరికలో ఎర్రమ్మ చోటు ఖాళీగా ఉంది. మొన్నటి చలికి పోయిందని పక్క పిట్టలు చెప్పాయి. పైడి అక్కడే కూలబడి ఏడ్చింది.

మరుసటి ఏడు ఆ చేలోకి కొత్త పూరేళ్లు పిల్లలతో వచ్చాయి. ఒకరోజు ఆకాశంలో డేగ తిరిగింది. పైడి గట్టిగా ఆ రెండు చరణాలూ పాడింది. పిల్లలు రాళ్ల కింద దూరాయి, గరికలో నక్కాయి. డేగ వెళ్లిపోయింది. పైడి నోరు తెరిచింది, పాట రాలేదు. ఇక రండి అని మామూలుగానే చెప్పాల్సి వచ్చింది.

ఒక పిల్ల రాయి కింద నుంచి తల బయటపెట్టింది. "పాట అంతేనా, అత్తా?"

"లేదమ్మా. ఇంకో చరణం ఉంది," అంది పైడి. "నేర్పుతానంటే నేను వెళ్లలేదు."

నీతి: పరాయివాళ్ల మెప్పు కోసం మనకు విద్య ఇచ్చినవాళ్లని రేపటికి నెట్టకండి. మనం వెళ్లేసరికి వాళ్లు ఉండకపోవచ్చు.