మధ్య పన్నెండు బొమ్మలు

2019 ఆగస్టు 17, శనివారం. కాకినాడలో పొద్దున్నుంచీ ముసురు. ఉప్పుటేరు గాలికి బట్టలు ఆరక జగన్నాయకపురంలో ప్రతి వసారాలోనూ తడి వాసన. మా పేపరు వానకి ముద్దయిపోతే, పై వాటాలో నూకరాజు మాస్టారి పేపరు చదువుదామని వెళ్లాను. నేను కింది వాటాలో అద్దెకుండేవాణ్ణి.

చింతా నూకరాజు మాస్టారు మద్రాసులో ఇరవై రెండేళ్లు కదిలే బొమ్మలు గీసిన మనిషి. సినిమాకి ముందు వేసే ప్రకటనల్లో గంతులేసే ఏనుగులూ కోతులూ ఆయన చేతివే. రిటైరయ్యాక ఇంట్లోనే నలుగురైదుగురికి నేర్పేవారు. హైదరాబాదు స్టూడియో ఒకటి ఏడాదికి ఒక్క పేరు ఆయన్ని అడిగేది. ఆయన ఉత్తరం రాస్తే ఉద్యోగం ఖాయం.

ఆ నేర్చుకునేవాళ్లలో ఒకడు మణిదీప్. అతనికి కావలసింది ఆ ఉత్తరమే. ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం. ఆరు సబ్జెక్టులు, రెండు ల్యాబులు, ప్రాజెక్టు, పైగా రెండు బ్యాక్‌లాగులు. వాటి మధ్య కంప్యూటర్లో యానిమేషను, వర్చువల్ రియాలిటీ సొంతంగా నేర్చుకునేవాడు. ఈ ఏడు ఉత్తరం రాకపోతే బొమ్మలు కట్టిపెట్టి కాలేజీకొచ్చే ఏదో ఒక కంపెనీలో చేరమని వాళ్ల నాన్న చెప్పేశాడు. నా రోజుల్లో బీఏకి నాలుగే పుస్తకాలు. అందులో ఒకటి మా ఎకనామిక్స్ లెక్చరరు దగ్గర తప్ప ఎక్కడా దొరికేది కాదు. అయినా ఒకసారి తప్పాను. కాబట్టి కుర్రాణ్ణి నేనేమీ అనను.

అంతకు నెల ముందు మాస్టారు అతనికి రెండు కాగితాలిచ్చారు. ఒకదాని మీద నేల మీద కూర్చున్న ముసలావిడ. రెండోదాని మీద అదే మనిషి నిలబడి ఉంది. మధ్యలో పన్నెండు బొమ్మలు చేత్తో గీసుకురమ్మన్నారు. అన్నీ వరసగా పేర్చి వేళ్లతో జారిస్తే ఆవిడ లేవాలి.

ఆ శనివారం మణిదీప్ కాగితాలు తేలేదు. నల్లటి కళ్లజోడొకటి తెచ్చాడు, గానుగెద్దుకి కట్టే గంతల్లాంటిది.

"పన్నెండు కాదు మాస్టారూ, మూడొందల బొమ్మలు. మీ రెండూ ఇస్తే మధ్యవన్నీ కంప్యూటరే వేసేసింది. ఆవిడ చుట్టూ తిరిగి కూడా చూడొచ్చండి."

మాస్టారు పెట్టుకుని చూసి నాకిచ్చారు. ఉన్నమాట చెప్పాలి, బ్రహ్మాండంగా ఉంది. ముసలావిడ పొంగుతున్న పాలలా పైకి లేచింది.

ఎంతసేపు పట్టిందని మాస్టారు అడిగారు. నాలుగు నిమిషాలన్నాడు. ఎల్లుండి మిడ్స్ పరీక్షలని, ల్యాబు రికార్డులింకా రాయలేదని, ఉత్తరం ఇప్పుడే ఇస్తే వెళ్తానని నసిగాడు.

మాస్టారి భార్య అచ్చియ్యమ్మ గారు గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని గోరుచిక్కుళ్లు తుంపుతున్నారు.

"అచ్చియ్యమ్మా, కుర్రాడికి మంచినీళ్లియ్యి."

నాకు వింతనిపించింది. కూజా మాస్టారి మోచేతి పక్కనే ఉంది. ఆవిడ లేవాలంటే రోజూ చెయ్యందించే మనిషి ఆ వేళ కుర్చీలోంచి కదల్లేదు. ఆవిడ భర్త వైపొకసారి చూసి, చాట పక్కన పెట్టి, లేచి వంటింట్లోకి వెళ్లారు. అంతసేపూ మాస్టారి కళ్లు మణిదీప్ మీద, మణిదీప్ కళ్లు ఫోను మీద. స్నేహితుడెవరో రికార్డు పేజీల ఫోటోలు పంపుతున్నాడు.

ఆవిడ గ్లాసు తెచ్చి ఇచ్చారు.

"చూశావా?" అన్నారు మాస్టారు.

"ఏంటండి?"

మాస్టారు అప్పటిదాకా తెరిచి ఉన్న బల్లసొరుగు మూసేశారు. ఉత్తరాలు రాసే కాగితాలు అందులోనే ఉంటాయి.

"నీళ్లు తాగు," అన్నారు.

తర్వాత మిడ్స్ వచ్చాయి, ల్యాబులొచ్చాయి, సెమిస్టరొచ్చింది. మణిదీప్ మళ్లీ రాలేదు. బజార్లో కనిపిస్తే, పరీక్షలవగానే వస్తానని మాస్టారికి చెప్పండి బాబాయ్‌గారూ అనేవాడు. చెప్పేవాణ్ణి. ఆయన తలూపేవారు. డిసెంబరు మొదట్లో, డాక్టరు మెట్లెక్కేలోపే, మాస్టారు పోయారు.

పదకొండో రోజున వచ్చాడు మణిదీప్. బ్యాక్‌లాగులు పోయాయట. చెన్నైలో కంపెనీ ఉద్యోగం కూడా వచ్చిందట. ఆ మాట చెప్పి తల దించుకున్నాడు.

మాస్టారి బీరువా తాళాలు నాకిద్దామని అచ్చియ్యమ్మ గారు లేవబోయారు. కుడి అరచెయ్యి నేలకానించారు. ఆగారు. మోకాలి మీద చెయ్యి వేసి, పెదవి బిగించి సగం లేచారు. మళ్లీ ఆగారు. అక్కడ ఆవిడ ఎడమ చెయ్యి అలవాటుగా పక్కకి వెళ్లింది. పక్కన ఎవరూ లేరు. చెయ్యి కాసేపు గాల్లో ఉండి, గోడని వెతుక్కుంది.

నేను మణిదీప్ వైపు చూశాను. పెదవులు కదుల్తున్నాయి. లెక్కపెడుతున్నాడు. ఆవిడ నిలబడేసరికి పన్నెండు దగ్గర ఆగాడు. ఎవరూ ఏమీ అడక్కుండానే మొహం కప్పుకున్నాడు.

బీరువాలో మాస్టారు పంపకాల కాగితం రాసి పెట్టుకున్నారు. నేనే పైకి చదివాను. ఇల్లు అచ్చియ్యమ్మ గారికి. అడుగున దీపం వెలిగే, బొమ్మలు గీసే గాజు బల్ల, హైదరాబాదు స్టూడియోకి ఉత్తరం, రెండూ రెహానాకి. ఆ పిల్ల పగలంతా ఫోటో స్టూడియోలో పనిచేసి, ఏడాదిగా సాయంత్రాలు మాస్టారి దగ్గర ఒకే పిల్లి నడక గీస్తోంది. పెన్సిళ్ల పెట్టె నాకు. నాకు తిన్నగా గీత కూడా గియ్యడం రాదు.

చివర మణిదీప్ పేరు కూడా ఉంది. దాని పక్కన చోటు వదిలేశారు. ఏమీ రాయలేదు.